పెద్ద బండి పాతది కొంటున్నారా?

ఊళ్ళో తిరగడానికి మనకు చిన్న కారు చాలు. కూరగాయల మార్కెట్టుకీ, పిల్లల బడికీ, ఆఫీసుకీ అదే హాయి. కాని బళ్ళారి నుంచి శ్రీశైలానికో, హోసూరు నుంచి తిరుమలకో, బరంపురం నుంచి శ్రీకాకుళంలో మేనత్తగారింటికో, షోలాపూర్ నుంచి కరీంనగర్‌లో పెళ్ళికో బయలుదేరామంటే నలుగురితో ఆగదు. పెద్దవాళ్ళు, పిల్లలు, సారె సామాను, తిరుగు ప్రయాణంలో ఊరగాయ జాడీలు, బియ్యం మూటలు! ఏడుగురు కూర్చునే బండి ఒకటి ఉంటే బాగుండునని అనిపించని ఇల్లు మన సంఘంలో తక్కువ. కొత్త ఫార్చ్యూనర్ ధర అడిగితే ముప్పయి లక్షలకు పైమాటే. అదే ఎనిమిదేళ్ళదో పదేళ్ళదో అయితే సగానికో, ఇంకా తక్కువకో దొరుకుతోంది. స్కార్పియో, పాత సఫారీ, ఎక్స్‌యూవీ 500, ఎండీవర్ అయితే ఇంకా కలిసొస్తాయి. అలా చాలామంది చూపు పాత బండ్ల మీద పడుతోంది.

బేరం మొదలు పెట్టక ముందే ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. పాత బండి ధర ఏటేటా తగ్గుతుంది గాని, దానికి వేసే సామాను ధర తగ్గదు. నలభై లక్షల బండిని పన్నెండు లక్షలకు కొన్నా, దాని టైర్లు, బ్రేకులు, క్లచ్, టర్బో, ఇంజెక్టర్లు నలభై లక్షల బండివే. ఖాళీగానే రెండు టన్నుల బరువు తూగే బండ్లు ఇవి. ఆ బరువును ఆపడానికి బ్రేకులు, మోయడానికి సస్పెన్షన్ చిన్న కారులో కంటే ఎక్కువ అరిగిపోతాయి. అందుకని చేతిలో ఉన్న సొమ్మంతా పెట్టి బండి కొనకూడదు. పది లక్షలు ఉంటే ఎనిమిదిన్నరలో బండి చూసుకుని, మిగతాది మొదటి ఏడాది మరమ్మతులకు అట్టే పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. ఆ మిగులు లేదనుకుంటే పెద్ద బండి జోలికి పోకుండా, ప్రయాణం ఉన్నప్పుడు అద్దెకు తీసుకోవడమే చవక.

ముందు కాగితాలు, తర్వాతే బానెట్

మనవాళ్ళు బండి దగ్గరికి వెళ్ళగానే చుట్టూ తిరిగి రంగు చూస్తారు, తలుపు వేసి చప్పుడు వింటారు, టైరును కాలితో ఒక తన్ను తన్నుతారు. పశువుల సంతలో ఎద్దు పళ్ళు చూసిన తాతల వారసులం గదా, ఏదో ఒకటి పట్టి చూడకపోతే తృప్తి ఉండదు. కాని ఇల్లు కదలకుండా చూడవలసినవే చాలా ఉన్నాయి. బండి నంబరు తీసుకుని కేంద్ర రవాణా శాఖ వారి ఎమ్‌పరివాహన్ యాప్‌లో చూడండి. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, ఎన్నో యజమాని, అప్పు కింద ఏ బ్యాంకుకైనా తాకట్టు ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటి వరకు ఉంది, ఇవన్నీ తెలుస్తాయి. చలాన్లు ఎన్ని బాకీ ఉన్నాయో కూడా వేరుగా చూడవచ్చు. "సింగిల్ ఓనర్, డాక్టరు గారి బండి" అని బ్రోకరు చెప్పింది అక్కడే తేలిపోతుంది. (మన దేశంలో అమ్మకానికి వచ్చే ప్రతి పాత బండీ ఏదో ఒక డాక్టరు గారిదే కావడం ఒక వింత!)

ఆర్.సి.లో రిజిస్ట్రేషన్ తేదీతో పాటు తయారైన నెల, సంవత్సరం కూడా ఉంటాయి. డిసెంబరులో తయారై మరుసటి మార్చిలో రిజిస్టరైన బండిని ఆ కొత్త సంవత్సరపు మోడల్ అని అమ్ముతుంటారు. బేరమాడటానికి ఇదొక మంచి ఆధారం.

ఇన్సూరెన్స్ పాలసీ అడిగి నో క్లెయిమ్ బోనస్ ఎంత శాతం ఉందో చూడండి. ఏడాది పాటు క్లెయిమ్ చేయకపోతే 20 శాతంతో మొదలై, వరుసగా అయిదేళ్ళు చేయకపోతే 50 శాతం వరకు పెరుగుతుంది. ఆరేళ్ళుగా ఒకే యజమాని దగ్గర ఉన్న బండికి బోనస్ సున్నా అని ఉంటే, ఈ మధ్య ఏదో క్లెయిమ్ జరిగిందనో, పాలసీ మధ్యలో తెగిపోయిందనో అర్థం. తప్పని కాదు, దేనికని అడగాలి. బంపరు గీతకా, చెట్టు మీద పడిందా, నీళ్ళలో మునిగిందా?

టాక్సీగా తిరిగి, తర్వాత తెల్ల బోర్డుకు మార్చిన బండ్లు పెద్ద బండ్లలో చాలా ఉంటాయి. ఆర్.సి. చరిత్ర చూస్తే తెలుస్తుంది. నడిపినప్పుడు ఎంత తొక్కినా ఎనభై దాటకపోతే, టాక్సీలకు బిగించే స్పీడ్ గవర్నరు ఇంకా తీయలేదన్నమాట.

నీళ్ళలో మునిగిన బండి

ఈ విషయం కాస్త వివరంగా చెప్పాలి. 2005 జూలైలో ముంబయిలో, 2015 డిసెంబరులోనూ మళ్ళీ 2023 డిసెంబరులోనూ చెన్నైలో, 2022 సెప్టెంబరులో బెంగళూరులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేలాది బండ్లు నీట మునిగాయి. ఇలాంటి బండ్లలో బాగు చేయడానికి అయ్యే ఖర్చు ఎక్కువనుకున్న వాటికి ఇన్సూరెన్స్ కంపెనీలు పూర్తి నష్టం కింద లెక్క కట్టి, వాటిని వేలం వేస్తాయి. వేలంలో కొన్నవారు కడిగి, ఆరబెట్టి, సీట్లకు కొత్త తొడుగులు వేసి, పాలిష్ కొట్టి అమ్ముతారు. తరచుగా వేరే రాష్ట్రంలో అమ్ముతారు. అక్కడి వారికి ఆ వరద గుర్తుండదు గనుక. పైన పటారం, లోన లొటారం అంటే అచ్చంగా ఇదే.

నీళ్ళలో నానిన బండి కొన్న రోజున బాగానే నడుస్తుంది. చిక్కు తర్వాత వస్తుంది. ఇవాళ్టి బండిలో ఇంజనుకు, గేర్‌బాక్సుకు, బ్రేకులకు, ఎయిర్‌బ్యాగులకు విడివిడిగా కంప్యూటర్లు ఉంటాయి. వాటి వైర్ల కొనల్లో చేరిన తేమ మెల్లగా పచ్చటి చిలుము పట్టిస్తుంది. ఆరు నెలలకో ఏడాదికో, ఘాట్ రోడ్డు మీద అర్ధరాత్రి, మీటరు బోర్డులో దీపాలన్నీ ఒక్కసారి వెలిగి ఇంజను ఆగిపోతుంది. మెకానిక్ ఒక సెన్సర్ మారుస్తాడు, వారానికి ఇంకొకటి పోతుంది. అది తీరే రోగం కాదు.

పట్టుకోవడానికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు. సీటు బెల్టులన్నీ చివరిదాకా బయటికి లాగి చూడండి. కడిగేవాళ్ళు పైభాగం కడుగుతారు గాని లోపల చుట్టుకున్న భాగాన్ని మరిచిపోతారు. అక్కడ బురద గీత కనిపిస్తుంది. సీట్ల కింద పట్టాలకు, బోల్టులకు తుప్పు ఉందా చూడండి. పొడి ఊళ్ళో తిరిగిన బండికి అక్కడ తుప్పు పట్టదు. డిక్కీలో స్టెప్నీ పనిముట్ల అరలో, డాష్‌బోర్డు కింద వైర్ల గుత్తిలో టార్చి వేసి చూడండి. కార్పెట్ అంచు ఎత్తి చేత్తో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకోండి. బండిలో అత్తరు వాసన గుప్పుమంటుంటే అది దేన్ని దాస్తోందని అనుమానించండి. కిటికీలు మూసి, ఏ.సి. ఆపి పది నిమిషాలు లోపల కూర్చుంటే అసలు వాసన బయట పడుతుంది.

ఇదంతా నీట మునిగిన బండి మాట. సముద్రపు ఒడ్డు బండి వేరు. యానాం, కాకినాడ, గోపాలపురం, చెన్నై తీరం పక్కన ఏళ్ళ తరబడి ఆరుబయట నిలిచిన బండికి ఉప్పు గాలి కింది నుంచి తినేస్తుంది. ఫార్చ్యూనర్, ఎండీవర్, స్కార్పియో, పాత సఫారీ వంటివి నిచ్చెన లాంటి బరువైన ఇనప ఫ్రేము మీద బాడీ కూర్చోబెట్టిన బండ్లు. ఎక్స్‌యూవీ 500, 2021లో వచ్చిన కొత్త సఫారీ అలా కాదు, వాటి బాడీయే చాసిస్. ఫ్రేము బండిని తప్పకుండా ర్యాంపు ఎక్కించి కింద చూడాలి. ఫ్రేము మీద పైపైన ఎర్రటి తుప్పు ఉంటే కంగారు పడనక్కర్లేదు. గోటితో గీస్తే పొరలు పొరలుగా రాలుతుంటే, ముఖ్యంగా స్ప్రింగులు, సస్పెన్షన్ చేతులు కలిసే చోట, ఆ బండి వదిలేయండి. కిందంతా కొత్తగా నల్ల రంగు కొట్టి నిగనిగలాడుతుంటే, ఎందుకు కొట్టారని అడగండి. ఫ్రేము మీద కంపెనీ వెల్డింగు కాక వేరే వెల్డింగు కనబడితే గట్టి దెబ్బ తిన్న బండి.

మీటరు చెప్పే కథ

కిలోమీటర్ల లెక్క తగ్గించడం ఇప్పుడు ఒక చిన్న పరికరంతో పది నిమిషాల పని. అందుకని మీటరు చెప్పేదాన్ని సాక్ష్యంగా తీసుకోకండి, ఆరోపణగా తీసుకోండి. సాక్ష్యాలు బండిలో వేరే ఉన్నాయి. క్లచ్, బ్రేకు పెడళ్ళ రబ్బరు గీతలు, స్టీరింగు మీద తోలు మెరుపు, డ్రైవరు సీటు కుడివైపు అంచు నలుగుడు. నలభై వేలు తిరిగిన బండికి ఇవి అరగవు. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. 3521 అంటే 2021లో ముప్పై అయిదో వారంలో తయారైనదని అర్థం. 2019 బండి నలభై అయిదు వేలే తిరిగిందంటూ నాలుగు టైర్లూ ఈ మధ్యే మార్చి ఉంటే లెక్క తేలదు.

కంపెనీ సర్వీసు సెంటరులో ఎప్పుడెప్పుడు ఎంత మీటరు దగ్గర ఏమేం చేశారో నమోదు ఉంటుంది. యజమానిని వెంటబెట్టుకు వెళ్తే చూపిస్తారు. "బయట మెకానిక్ దగ్గరే చేయించేవాళ్ళం" అంటే బిల్లులు అడగండి. నాకు అన్నిటికంటే నచ్చిన సాక్షి ఫాస్టాగ్. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్ గేట్ల దగ్గర అది తప్పనిసరైంది. ఏడాది స్టేట్‌మెంటు ఒక్కటి చూపించమనండి. నెలకు రెండుసార్లు గుడికి వెళ్ళిన బండో, రోజూ రెండు టోళ్ళు దాటి క్వారీకి తిరిగిన బండో అందులో కళ్ళకు కట్టినట్టు ఉంటుంది.

లక్షా ఇరవై వేల కిలోమీటర్లు హైవే మీద నిమ్మళంగా తిరిగి, వేళకు ఆయిలు మార్చుకున్న డీజిల్ బండి, యాభై వేలు నగరం ట్రాఫిక్‌లో ఈదిన బండి కంటే మంచిదే అయి ఉండవచ్చు. మనవాళ్ళు తక్కువ మీటరు అడుగుతారు కాబట్టే అమ్మేవారు తగ్గిస్తున్నారు.

ఇంజను దగ్గర

"నేను వచ్చేదాకా స్టార్టు చేయకండి" అని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే ఉదయం స్టార్టు కాక తిప్పలు పడ్డారేమోనని అనుమానం. చల్లటి ఇంజనే నిజం చెబుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే, వేడి మీద ఎప్పుడూ కాదు, రేడియేటరు మూత తీసి చూడండి. కూలెంట్ రంగుతో శుభ్రంగా ఉండాలి. అందులో నూనె తేలినా, ఆయిలు మూత కింద మజ్జిగలా తెల్లటి నురగ కట్టినా, నీళ్ళూ ఆయిలూ కలుస్తున్నాయేమో మెకానిక్‌తో తేల్చుకునేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.

స్టార్టు చేయగానే ఒకరు వెనక నిలబడి పొగ చూడాలి. క్షణంపాటు వచ్చి పోయే పొగకు భయం లేదు. నీలం పొగ ఆగకుండా వస్తే ఇంజను ఆయిలు తాగుతోంది, టర్బో గాని రింగులు గాని పోయి ఉంటాయి. నల్ల పొగ దట్టంగా వస్తే ఇంజెక్టర్లో, గాలి దారో చూడాలి. వేడెక్కాక కూడా తెల్ల పొగ పోకపోతే డీజిల్ పూర్తిగా మండటం లేదు, లేదా కూలెంట్ లోపలికి పోతోంది. ఇంజను నడుస్తుండగా ఆయిలు మూత వదులు చేస్తే కొంచెం ఆవిరి రావడం మామూలే. రైలింజను లాగా భుసభుసమంటూ మూతను ఎగరేస్తుంటే సిలిండర్లు అరిగిపోయాయి.

టయోటా డీజిల్ బండి చూసేవారికి ఒక మాట. పాత ఇన్నోవాలోనూ, 2016కు ముందటి ఫార్చ్యూనర్‌లోనూ డీజిల్ ఇంజనుకు టైమింగ్ బెల్టు ఉంటుంది. కంపెనీ చెప్పిన కిలోమీటర్లకు దాన్ని మార్చకపోతే, తెగిన రోజున ఇంజను లోపలి వాల్వులు దెబ్బ తింటాయి. మార్చిన బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క వేసుకుని, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. తర్వాత వచ్చిన డీజిల్ ఇంజన్లకు చైను వేశారు.

2020 ఏప్రిల్ తర్వాతి బి.ఎస్.6 డీజిల్ బండ్లలో సైలెన్సరు దారిలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. హైవే మీద కాసేపు వేగంగా పోతే ఆ మసి తనంతట తానే కాలిపోతుంది. రోజూ మూడు నాలుగు కిలోమీటర్లే తిరిగే నగరపు బండిలో కాలక పేరుకుపోతుంది. దాని మరమ్మతు ఖరీదైనది. బి.ఎస్.6 డీజిల్ బండి సైలెన్సరు గొట్టంలో వేలు పెడితే మసి దాదాపు అంటకూడదు. నల్లగా అంటితే ఫిల్టరు పగిలిందో, తీసి పారేశారో! అసలు మన ఇంటి అవసరం నెలకు రెండు వందల కిలోమీటర్ల లోపే అయితే ఇలాంటి డీజిల్ బండి కొనకపోవడమే మంచిది.

తాళం తిప్పగానే మీటరు బోర్డులో హెచ్చరిక దీపాలన్నీ వెలగాలి, ఇంజను స్టార్టయ్యాక ఆరాలి. ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగనే వెలగకపోతే, ముఖ్యంగా ఎయిర్‌బ్యాగు దీపం, ఎవరో బల్బు తీసేశారు. ప్రమాదంలో విచ్చుకున్న ఎయిర్‌బ్యాగు మార్చకుండా దాన్ని దాచడానికి చేసే పని ఇది. స్కానరు ఉన్న మెకానిక్‌ని తీసుకువెళ్ళి కంప్యూటరు చదివించండి. మీరు వచ్చే ముందే లోపాలు చెరిపేసి ఉంటే, పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని అదే చూపిస్తుంది.

నడిపి చూడటం

వీధి చివరదాకా తీసుకెళ్ళి తిప్పుకు రావడాన్ని పరీక్ష అనరు. ఇరవై కిలోమీటర్లయినా, ఒక ఫ్లైఓవరు లేదా చిన్న ఎత్తు, ఒక గతుకుల రోడ్డు, కొంత హైవే ఉండేలా చూసుకోండి. పాటలు ఆపేయండి. నలభై వేగంలో పెద్ద గేరులో వేసి గట్టిగా తొక్కితే, ఇంజను అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఆటోమేటిక్ అయితే ప్రతి గేరు మార్పుకూ వెనక నుంచి ఎవరో తోసినట్టు కుదుపు రాకూడదు. గతుకుల్లో టకటకమంటే బుష్షులు, షాక్ అబ్జార్బర్లు పోయాయి. అవి బేరానికి పనికొచ్చే లోపాలే గాని బండిని వదులుకునేంతవి కావు. నాలుగు చక్రాల డ్రైవు ఉన్న బండి అయితే మట్టి నేల మీదే దాన్ని వేసి చూడండి. చాలా బండ్లలో పొడి తారు రోడ్డు మీద వేస్తే లోపలి గేర్లు బిగుసుకుపోతాయి.

మొదటిసారి పిల్లలను తీసుకువెళ్ళకండి. వెనక సీటెక్కి "నాన్నా, ఇదే కొందాం" అన్నారంటే, ఆ మాట బ్రోకరు విని ధర పది వేలు పెంచుతాడు. రెండోసారి మాత్రం ఇంటిల్లిపాదినీ ఎక్కించండి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మగారు ఆ ఎత్తు ఎక్కగలరా, చివరి వరుసకు ఏ.సి. గాలి అందుతుందా, ఏడుగురూ కూర్చున్నాక సామానుకు చోటు మిగిలిందా అనేవి మెకానిక్ చెప్పలేడు.

ఏ కంపెనీ బండి అయినా మీ ఊళ్ళో, లేదా యాభై కిలోమీటర్లలో, సర్వీసు దొరుకుతుందా చూసుకోవాలి. ఫోర్డ్ వారు 2021లో మన దేశంలో అమ్మకానికి కార్ల తయారీ ఆపేశారు. ఎండీవర్ మంచి బండే, చవకగానూ వస్తుంది. చెన్నైలో ఉన్నవారికి ఒక మాట, రాయగడలో ఉన్నవారికి ఒక మాట.

రాష్ట్రం దాటి కొంటే

మనలాంటి వారికి ఇదే అసలు మెలిక. హైదరాబాదులో బావగారి బండి, ఢిల్లీలో చవకగా వస్తున్న డీజిల్ బండి, పుదుచ్చేరి నంబరు బండి అని మాటలు వినిపిస్తూనే ఉంటాయి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో హరిత ట్రైబ్యునల్ ఆంక్ష పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అప్పటి నుంచి అక్కడి పెద్ద బండ్లు దక్షిణానికి వరస కట్టాయి. చవక నిజమే. కాని రాష్ట్రం మారితే పాత ఆర్.టి.ఓ. నుంచి ఎన్.ఓ.సి. తేవాలి (దానికి ఫారం 28), బదిలీకి ఫారం 29, 30, బ్యాంకు అప్పు తీరిపోతే ఫారం 35 కావాలి. పైగా మీ రాష్ట్రంలో జీవిత పన్ను మళ్ళీ కట్టాలి. బండి వయసును బట్టి తగ్గిస్తారు గాని, కర్ణాటకలో ఖరీదైన బండికి అది చిన్న మొత్తం కాదు. పాత రాష్ట్రం నుంచి మిగిలిన పన్ను వాపసు అడగవచ్చు, ఓపిక ఉంటే. ముందుగా మీ ఆర్.టి.ఓ. ఆఫీసులో ఆ మోడలు, ఆ సంవత్సరం చెప్పి పన్ను ఎంతో అడిగి, అది ధరకు కలుపుకుని అప్పుడు చవకో కాదో తేల్చుకోండి. యానాం వారి పి.వై.04 బండ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. పుదుచ్చేరి నంబరుతో పొరుగు రాష్ట్రాల్లో తిరిగే ఖరీదైన కార్ల మీద 2017లో కేరళలో కేసులు పెట్టారు.

చట్టం ప్రకారం బండి వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలి. కొన్నవారు ముప్పై రోజుల్లో బదిలీకి దరఖాస్తు పెట్టాలి. అమ్మేవారికి కూడా దీనితో పని ఉంది. బండి చేతులు మారినా ఆర్.సి.లో పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత పాత యజమాని మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలరు కూడా ఆర్.టి.ఓ. దగ్గర అధికార పత్రం తీసుకోవాలనే నిబంధన ఉంది. అది చూపించమని అడగడం మర్యాద తప్పు కాదు.

డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. బండి తీసుకున్న తేదీ మాత్రమే కాక గంట కూడా రాసి ఇద్దరూ సంతకం చేసిన కాగితం ఒకటి ఉంచుకోండి. ఉదయం ఎవరో చేసిన ప్రమాదానికి సాయంత్రం కొన్న మీరు జవాబు చెప్పకుండా ఉంటారు. ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల్లో మీ పేరుకు మార్చుకోండి. ఆ నో క్లెయిమ్ బోనస్ బండితో రాదు, పాత యజమానితో పోతుంది. వారి ఫాస్టాగ్ వారే రద్దు చేసుకోవాలి, మీరు కొత్తది తీసుకోవాలి. ఇక రెండో తాళం చెవి. పెద్ద బండ్ల తాళంలో చిప్ ఉంటుంది, కొత్తది చేయించాలంటే వేలల్లో అవుతుంది. "ఇంట్లో ఎక్కడో ఉంది, తర్వాత పంపిస్తాం" అంటే, అది చేతికి వచ్చాకే చివరి పాతిక వేలు ఇవ్వండి.